అట్ట పోయిన హీరోలు

డిటెక్టివ్ యుగంధర్ కథ దొరుకుతుంది, ఏజెంట్ షాడో కథ దొరుకుతుంది. వాళ్ల ముఖచిత్రాలే దొరకవు. హైదరాబాద్ తూర్పు గుమ్మంలో పాత పుస్తకాల వేటగాళ్లు వెతికేది వాటినే.

విజయవాడలో అచ్చయిన డిటెక్టివ్ నవల రోడ్డెక్కి హైదరాబాద్ రావాలంటే అబ్దుల్లాపూర్‌మెట్ దాటక తప్పదు. ఇప్పుడు 65 అంటున్న ఆ జాతీయ రహదారిని పెద్దవాళ్లు ఇంకా తొమ్మిదో నంబరు హైవే అనే అంటారు. చౌటుప్పల్ తర్వాత అబ్దుల్లాపూర్‌మెట్, పెద్ద అంబర్‌పేట, హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్‌బీ నగర్, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలెన్నో ఈ వరసలోనే బస్సు దిగాయి, ఈ వరసలోనే ఇళ్లు కట్టుకున్నాయి. వాళ్లతో పాటు ట్రంకుపెట్టెల్లో చందమామలు, చేతిసంచుల్లో అపరాధ పరిశోధన నవలలు వచ్చాయి. అటకెక్కాయి. దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయాయి.

ఇప్పుడు ఆ ఇళ్లు పడుతున్నాయి. రెండు వందల గజాల పాత ఇల్లు కూల్చి అయిదంతస్తులు లేపేటప్పుడు ముందు ఖాళీ అయ్యేది అటకే. పిల్లలు అమెరికాలోనో గచ్చిబౌలిలోనో ఉంటారు. ఆ మూటలు విప్పే తీరిక ఎవరికీ ఉండదు. పాత పేపర్ల బండి వస్తుంది. అక్కడి నుంచి కాలనీ చివరి తుక్కు దుకాణానికి, తుక్కు దుకాణం నుంచి పెద్ద గోదాముకి, గోదాము నుంచి కాగితం మిల్లుకి. మిల్లుకి చేరిందా, ఇక ఆ పుస్తకం లేదు. అంతకుముందే పట్టుకోవాలి.

"అన్నా, కథల పుస్తకాలేమన్న వచ్చినయా?"

"ఆ మూలకున్నయ్ సార్, చూసుకోండ్రి. ఏదైనా తూకమే, పుస్తకం లెక్క కాదు."

ఈ మాట విన్నాక కలిగే ఆనందం సేకరించేవాళ్లకే తెలుస్తుంది. ఇంజనీరింగ్ గైడ్లు, ఎంసెట్ మెటీరియల్ కట్టలు ఒక్కొక్కటీ పక్కకి జరుపుతుంటే అడుగున ఎక్కడో గోధుమరంగుకి తిరిగిన న్యూస్‌ప్రింట్ అంచు కనబడుతుంది. చేతిలోకి తీసుకుంటే లోపల కథ మొత్తం ఉంటుంది. మొదటి పేజీ నుంచి హంతకుడు దొరికే దాకా. ముందు అట్ట ఉండదు. వెనకట్టా ఉండదు.

తెలుగు డిటెక్టివ్ నవలకి వందేళ్లు దాటాయి. దేవరాజు వేంకటకృష్ణారావు 'వాడే వీడు' గత శతాబ్దం తొలినాళ్లలోనే పాఠకుల్ని ఊపేసింది. తర్వాత కొవ్వలి లక్ష్మీనరసింహారావు, జంపన చంద్రశేఖరరావు చిన్న నవలని రైల్వే ప్లాట్‌ఫారం మీదికి తెచ్చారు. కొవ్వలి రాసినవి వెయ్యికి పైమాటే. అవి డిటెక్టివ్ కథలు కావు కానీ, చవక కాగితం మీద అచ్చేసి, ప్రయాణంలో చదివి, పక్కవాడికి ఇచ్చేసే పుస్తకమనే అలవాటు అక్కడే పాదుకుంది. తెనాలిలో పుట్టిన కొమ్మూరి సాంబశివరావు చేతిలో 1950ల చివర డిటెక్టివ్ యుగంధర్ రూపుదిద్దుకున్నాడు. మద్రాసు వీధులు, క్రిజ్లర్ కారు, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. 'చావు కేక', 'ఉరితాడు', 'లక్షాధికారి హత్య' లాంటి పేర్లు వింటే ఇప్పటికీ కళ్లు మెరిసే పాఠకులు ఈ కాలనీల్లో ఉన్నారు. టెంపోరావ్, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ తలా ఒక లోకం కట్టారు. డెబ్బైల నుంచి బడిపంతులు వల్లూరు మధుసూదనరావు మధుబాబుగా మారి సీఐబీ ఏజెంట్ షాడోని నడిపించారు. కులకర్ణి, గంగారాం, శ్రీకర్ అంటే ఆ తరం కుర్రాళ్లకి సొంత బాబాయిలంత దగ్గర.

షాడో పేరుతోనే అమెరికాలో అంతకుముందే ఒక హీరో ఉండేవాడు. 1931 ఏప్రిల్‌లో స్ట్రీట్ అండ్ స్మిత్ సంస్థ మొదలుపెట్టిన 'ది షాడో' పత్రిక 1949 దాకా 325 సంచికలు నడిచింది. అందులో 282 నవలలు వాల్టర్ గిబ్సన్ ఒక్కడే, మాక్స్‌వెల్ గ్రాంట్ అనే పేరుతో రాశాడు. ఆ షాడో రేడియోలోనూ వచ్చాడు. కార్యక్రమానికి డబ్బు పెట్టిన బ్లూ కోల్ బొగ్గు కంపెనీ చీకట్లో వెలిగే ఉంగరాలు పంచింది. క్లబ్బు బ్యాడ్జీలు, బొమ్మలు వచ్చాయి. ఇప్పుడు అక్కడి సేకర్తలు పోటీపడి కొనేది వాటిని. 1938 జూన్ తేదీతో 10 సెంట్లకి అమ్మిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక, అంటే సూపర్‌మ్యాన్ తొలిసారి కనబడిన పుస్తకం, 2024లో వేలంలో 60 లక్షల డాలర్లకి పోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితం పోగుచేసి మిల్లులకి పంపినప్పుడు లక్షల కామిక్స్ గుజ్జయిపోయాయి. మిగిలిన కొద్దింటికే ఈ ధర.

మన యుగంధర్ ఉంగరం వేయలేదు. మన షాడో బొమ్మని ఏ తిరునాళ్లలోనూ అమ్మలేదు. తెలుగు హీరో పుస్తకంలోనే పుట్టి పుస్తకంలోనే ఉన్నాడు. కాబట్టి మనకి జ్ఞాపకంగా దొరికేది పుస్తకం ఒక్కటే. ఆ పుస్తకాన్ని కూడా జనం కొన్నది తక్కువ, అద్దెకి తెచ్చుకున్నది ఎక్కువ.

అద్దె పుస్తకాల షాపు ఎలా నడిచేదో తెలియకపోతే అట్టలు ఎందుకు పోయాయో అర్థం కాదు. బడ్డీకొట్టంత గది. మూడు గోడలకీ చెక్క అరలు. డిపాజిట్ కట్టి పేరు రాయించుకుంటే రోజుకి పావలాకో అర్ధరూపాయికో నవల ఇచ్చేవాళ్లు. కొత్త నవల షాపుకి రాగానే యజమాని చేసే మొదటి పని దాన్ని గట్టిపరచడం. పల్చటి రంగు అట్ట పది చేతులు మారితే ఊడిపోతుంది. అందుకని ముందే దాన్ని పీకి, లేదా దాని మీదే ముతక అట్ట అతికించి, దబ్బనంతో మూడు రంధ్రాలు పొడిచి, పురికొసతో కుట్టేవాళ్లు. పైన ఇంకుతో నంబరు, లోపల ప్రతి పదిపేజీలకీ రబ్బరు స్టాంపు. ఎవరూ పేజీ చింపకూడదని ఆ జాగ్రత్త. ఆ జాగ్రత్త వల్లే కథ బతికింది, అట్ట చచ్చిపోయింది.

కాబట్టి ఈ రంగంలో ఒక నవల దొరకడం వేరు, దాని ముఖచిత్రం దొరకడం వేరు. పుస్తకం పేరు చెబితే పది మంది చదివామంటారు. దాని అట్ట మీద ఏ బొమ్మ ఉండేది, ఎవరు వేశారు అంటే ఆలోచనలో పడతారు. తుపాకీ పట్టుకున్న చెయ్యి, భయపడిన స్త్రీ ముఖం, వెనక పొడుగాటి కారు. అంతవరకే గుర్తు. కింద మూల చిన్నగా చేసిన సంతకం ఎవరికీ గుర్తుండదు. బాపు, వడ్డాది పాపయ్య, చంద్ర, బాలి వంటి పెద్ద పేర్లు నిలిచాయి. వారపత్రికల చిత్రకారుల్లో కొందరు నిలిచారు. కానీ డిటెక్టివ్ నవలల అట్టలకి నెలనెలా బొమ్మలు వేసి, బ్లాకు చేయించి ఇచ్చిన చేతులు వేరే ఉన్నాయి. ఆ అట్టలు దొరికితే తప్ప వాళ్ల లెక్క తేలదు. నా దృష్టిలో ఈ సేకరణకి అసలు విలువ ఇక్కడ ఉంది. కథలు ఏదో ఒక రూపంలో బతుకుతాయి. షాడో నవలలు మళ్లీ మళ్లీ అచ్చయ్యాయి, కినిగె వెబ్‌సైట్‌లో ఈ-పుస్తకాలుగానూ వచ్చాయి. కొత్త ముద్రణకి కొత్త అట్ట వేస్తారు. పాత అట్ట మళ్లీ రాదు.

వెనకట్ట అంతకన్నా విలువైనది. ప్రచురణకర్త తన పుస్తకాల జాబితా వేసేది అక్కడే. ఒక రచయిత ఏ క్రమంలో రాశాడో, ఏ నవల ఏ పేరుతో మళ్లీ వచ్చిందో తేల్చడానికి చాలాసార్లు అదొక్కటే సాక్ష్యం. ఎందుకంటే ఈ నవలల్లో ముద్రణ సంవత్సరం వేయనివి చాలా ఉంటాయి.

సంవత్సరం లేని పుస్తకానికి వయసు కట్టడం ఒక చిన్న అపరాధ పరిశోధనే. ముందు ధర చూడాలి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందు ధర నిర్ణయించిన పుస్తకం కావడానికే ఎక్కువ అవకాశం, ఎందుకంటే దశాంశ నాణేలు వచ్చింది ఆ రోజున. 'న.పై.' అంటే నయాపైసలు అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది. 1964 జూన్ నుంచి 'నయా' పోయి పైసలే మిగిలాయి. తర్వాత చిరునామా చూడాలి. 'మదరాసు-26' అని రెండంకెలతో ఆగిపోతే ఒక కాలం, 600026 అని ఆరంకెలు ఉంటే ఇంకో కాలం. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. కొందరు ప్రచురణకర్తలు పాత చిరునామా బ్లాకునే ఏళ్ల తరబడి వాడుకున్నారు కాబట్టి ఈ గుర్తు ఒక్కదాన్నే నమ్మలేం. ధర, చిరునామా, వెనకట్ట జాబితా మూడూ కలిస్తేనే తీర్పు.

నకిలీల్ని పట్టడానికి కూడా ఇలాంటి గుర్తులే ఉన్నాయి. అట్ట లేని ప్రతికి కలర్ జెరాక్స్ అతికించి అమ్మేవాళ్లు ఉంటారు. వేలితో తడిమి చూస్తే తెలుస్తుంది. చేత్తో అక్షరాలు కూర్చి లెటర్‌ప్రెస్ మీద అచ్చేసిన రోజుల్లో సీసపు అక్షరం కాగితంలోకి కొంచెం దిగేది, పేజీ వెనక సన్నగా ఉబ్బు తగిలేది. బ్లాకుతో వేసిన బొమ్మని భూతద్దంలో చూస్తే రంగురంగుల చుక్కలు వరసగా కనబడతాయి. జెరాక్స్‌లో ఆ చుక్కల పొందిక చెదిరిపోతుంది.

మిగతా భాషల్లో ఎంత ఉందో గానీ, తెలుగిళ్లలో మాత్రం గట్టిగా నాటుకున్న అలవాటు ఒకటుంది. ఇంటి బైండు. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీల్ని అమ్మలు, పిన్నులు వారం వారం చింపి దాచేవాళ్లు. ఆఖరి భాగం రాగానే వరసగా పేర్చి, సూదిదారంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి, పైన పేరు రాసేవాళ్లు. ఏ ప్రచురణకర్తా వేయని పుస్తకం అది. ప్రపంచంలో ఒక్కటే ప్రతి. అందులో చిత్రకారుడు వారం వారం వేసిన బొమ్మలన్నీ ఉంటాయి. పుస్తకంగా వచ్చినప్పుడు ప్రచురణకర్త తీసేసేది ఆ బొమ్మల్నే. చింపిన పేజీ వెనక ఆ వారం సినిమా ప్రకటనో, వంటల శీర్షికో, జాబులకి జవాబులో సగం ఉంటుంది. తుక్కు దుకాణంలో ఇలాంటి కుట్టు కనబడితే, నా మటుకు నాకు, అచ్చు పుస్తకం కన్నా దాన్నే ముందు తీసుకోవాలనిపిస్తుంది. దాని మీద దారంతో కుట్టిన మనిషి చేతిరాత ఉంటుంది.

చందమామ సంగతి వేరు. అది ఈ రంగంలో మహారాజు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుంచి ప్రారంభించిన ఈ మాసపత్రికని సేకరించేవాళ్లు డిటెక్టివ్ నవలల వాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కొడవటిగంటి కుటుంబరావు దాదాపు మూడు దశాబ్దాలు దాన్ని తీర్చిదిద్దారు. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం అంటూ సాహస గాథలు అల్లారు. వాటికి బొమ్మలు వేసిన చిత్ర అసలు పేరు టి.వి.రాఘవన్. ఆయన గీసిన కత్తి దూసిన యువకులు, ఎముకల దండలు వేసుకున్న మాంత్రికులు, ఒంటికన్ను రాక్షసులే మనకి అసలైన కామిక్ హీరోలూ విలన్లూ. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టి నడిచే విక్రమార్కుణ్ణి శాశ్వతం చేసిన శంకర్ 2020లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఎం.టి.వి.ఆచార్య, వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలు చింపి పటం కట్టించుకున్న ఇళ్లు ఎన్నో. చింపడం వల్ల ఆ సంచిక లోపభూయిష్టమైంది. పటం కట్టడం వల్ల ఆ బొమ్మ బతికింది. రెండూ నిజమే.

చందమామని కూడా ఏడాదికొక సంపుటంగా బైండు చేయించేవాళ్లు. బైండు చేసేవాడు అట్టలు, ప్రకటనల పేజీలు తీసేస్తే పుస్తకం నాజూగ్గా వస్తుందనేవాడు. అందుకే బైండు సంపుటం చేతికొస్తే ముందు చూడాల్సింది కథలని కాదు, అట్టలు లోపల కుట్టారా లేదా అన్నది. ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీలో ఎవరో పిల్లవాడు పెన్సిల్‌తో రాసుకున్న తన వ్యాఖ్య ఉంటే దాన్ని చెరపకండి. 2007లో పత్రిక జియోడెసిక్ అనే సంస్థ చేతికి వెళ్లింది. కొన్నేళ్లకే ఆగిపోయింది. అంతలోనే అభిమానులు పాత సంచికల్ని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇంత పెద్ద పని డబ్బు ఆశించకుండా చేసినవాళ్లకి తెలుగు పాఠకలోకం రుణపడి ఉంది.

తెలుగు కామిక్స్ అనగానే చెప్పుకోవాల్సింది బుజ్జాయి. ఆయన అసలు పేరు సుబ్బరాయశాస్త్రి, కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు. డుంబు పాత్ర ఆయన సృష్టే. అరవైల్లో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో ఆయన పంచతంత్రం బొమ్మల కథలు దేశమంతా చదివింది. 2022లో ఆయన పోయారు. 1967లో అనంత్ పై మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ తెలుగులోనూ వచ్చింది. దాని తెలుగు ప్రతులు ఇంగ్లిష్ ప్రతుల కన్నా అరుదుగా కనబడతాయి.

సినిమా హీరో కూడా ఈ సంచిలోకే వస్తాడు. 1966లో 'గూఢచారి 116', 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'. కృష్ణ చేతిలో పిస్తోలు, నెత్తిన కౌబాయ్ టోపీ. అంతకుముందు జానపదాల్లో కత్తి కాంతారావు. వాటి పాటల పుస్తకాలు థియేటరు బయట పైసల్లో అమ్మేవాళ్లు. కథ సగం చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమనేవాళ్లు. నాలుగు మడతల కాగితం, మీద ఒక రంగు బొమ్మ. జేబులో పెట్టుకుని చెమటకి తడిసి పోయినవే ఎక్కువ. ఇప్పుడు బాగున్న ప్రతి దొరికితే నవల కన్నా ఎక్కువ ధర చెబుతున్నారు. రామోజీ ఫిల్మ్‌సిటీ ఉన్న అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో సినిమా కాగితం కోసం వెతకడంలో ఒక సొగసుంది.

పట్టుకున్నాక కాపాడటం అసలు కష్టం. న్యూస్‌ప్రింట్‌లో చెక్కలోని లిగ్నిన్ మిగిలిపోతుంది. గాలి, వెలుతురు తగిలే కొద్దీ అది కాగితాన్ని ఆమ్లంగా మార్చి, గోధుమరంగు చేసి, చివరికి అప్పడంలా విరిచేస్తుంది. పిన్నులు తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. చాలామంది ప్రేమతోనే సెల్లోటేప్ అంటిస్తారు, లామినేషన్ చేయిస్తారు. రెండూ పుస్తకానికి శత్రువులే. టేపు జిగురు కొన్నేళ్లకి పసుపుపచ్చగా కాగితంలోకి ఇంకుతుంది, లామినేషన్ తీయడం ఎవరి తరమూ కాదు. తుప్పు పిన్నులు నెమ్మదిగా తీసి తెల్లదారంతో కుట్టాలి. మామూలు ప్లాస్టిక్ కవరు కాకుండా పాలిస్టర్ కవరు, ఆమ్లం లేని అట్ట వాడాలి. బరువు పడకుండా, ఎండ తగలకుండా, నేలకి ఎత్తుగా ఉంచాలి.

నేలకి ఎత్తుగా అనేది ఈ ప్రాంతానికి మరీ ముఖ్యం. 2020 అక్టోబరు 13న హయత్‌నగర్ వైపు ఒక్క రోజులో దాదాపు 30 సెంటీమీటర్ల వాన పడింది. సరూర్‌నగర్, ఎల్‌బీ నగర్ లోతట్టు కాలనీల్లో కింది అంతస్తులు మునిగాయి. ఆ వారమంతా గుమ్మాల బయట నానిన పరుపులు, ఫ్రిజ్‌లతో పాటు ఉబ్బిన పుస్తకాల కట్టలూ కుప్పలుగా పడి ఉన్నాయి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే పేజీలు అతుక్కుని వంకరపోతాయి. వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచడం మేలు. బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా పేజీ పేజీ ఆరబెట్టుకోవచ్చు. ఈ సంగతి ఆ రోజు ఇంకా చాలామందికి తెలిసి ఉంటే బాగుండేదని నా బాధ.

గ్రంథాలయాలు లేవా అంటే ఉన్నాయి. సుల్తాన్‌బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ఆంధ్రలో వేటపాలెంలోని సారస్వత నికేతనం. ఇవి లేకపోతే తెలుగు పత్రికల చరిత్రే లేదు. అయితే గ్రంథాలయానికీ బైండింగ్ తప్పదు, బైండింగ్‌లో అట్ట పోవడమూ మామూలే. అందుకే ఇళ్లలో మిగిలిన విడి ప్రతి ఇంత ముఖ్యం. సేకర్తలు కూడా దొరికినదాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయకుండా అట్టని స్కాన్ చేసి పదిమందికీ అందుబాటులో ఉంచితే, వస్తువు వాళ్లదిగానే ఉంటుంది, సమాచారం అందరిదవుతుంది. దాచుకుంటే ధర పెరుగుతుందని నమ్మేవాళ్లతో నేను ఏకీభవించను. పేరు తెలియని చిత్రకారుడి అట్టని ఎవరు వెతుకుతారు?

వెతకాలనుకునేవాళ్లకి అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ ఉంది, కోఠి ఉంది, డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియం బుక్ ఫెయిర్‌లో పాత పుస్తకాల స్టాళ్లు ఉంటాయి. విజయవాడ వెళ్లేవాళ్లకి ఏలూరు రోడ్డు. కానీ ఈ తూర్పు కాలనీల్లో ఉన్నవాళ్లకి అన్నిటికన్నా దగ్గర తమ ఇంటి అటకే. బండివాణ్ణి పిలిచే ముందు మూట ఒకసారి విప్పండి. ముందు అట్ట, వెనకట్ట, ధర ఉన్న పేజీ, అద్దె షాపు స్టాంపు ఉంటే అది, ఈ నాలుగూ ఫోను కెమెరాతో తీయండి. నీడ పడకుండా, కిటికీ వెలుగులో. చిత్రకారుడి సంతకం ఉన్న మూలని విడిగా దగ్గర నుంచి ఇంకో ఫోటో తీయండి.